చెంబులో ఉప్పుడు బియ్యం

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. నగరిలో చేనేత ఇల్లు మాది. మగ్గం గుంటలో ఎవరో కూర్చుని ఉంటారని మా అవ్వ పిల్లల్ని భయపెట్టేది. ఒకసారి అన్నం మీద అలిగి నేను ఆ గుంటలోనే దూరి నిద్రపోయాను. ఊరంతా వెతికి చివరికి మా నాయన నన్ను బయటికి లాగితే, "ఈడ ఎవురూ లేరు నాయనా, దోమలు మాత్రం ఉండాయి" అన్నానట. ఇప్పటికీ మావాళ్ళు ఆ మాట చెప్పుకుని నవ్వుతారు.

పెద్దయ్యాక చరిత్ర పాఠాలు చెప్పి బతికాను. ఎవరు చూశారు, చూసినవాళ్ళు ఎక్కడ నిలబడి చూశారు, అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్ళకేమైనా ఉందా అని అడగడమే నా పని. పెళ్ళి కబుర్లను కూడా ఇలాగే నిలదీస్తానని మా చెల్లెళ్ళు విసుక్కుంటారు. అలాంటి మనిషిని ఈ సంగతి రాస్తున్నాను. నేను కళ్ళతో చూసింది చూసినట్టు, ఇతరులు చెప్పింది చెప్పినట్టు విడివిడిగా పెడతాను. ఇన్నేళ్ళుగా నాకు తేలని విషయం మీకు తేలితే సంతోషమే.

అప్పట్లో నేను తిరుపతిలో పరిశోధన చేస్తున్నాను. ఎమర్జెన్సీ ఇంకా ఉండగానే నా పరిశోధన విషయం ఖాయమైంది. నాకు స్వేచ్ఛ గురించి రాయాలని ఉండేది. మా గైడు తలుపు వైపు ఒకసారి చూసి, "రాయమ్మా. కానీ మన దేశం వద్దు, ఈ శతాబ్దం అసలే వద్దు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండుకు వెళ్ళిపో. అక్కడికి ఏ పోలీసూ రాడు" అన్నారు. అలా పౌరస్వేచ్ఛ, మతస్వేచ్ఛ గురించి ఆనాటి బ్రిటిష్ రచయితలు చేసుకున్న వాదాలు నా నెత్తిన పడ్డాయి. నేను రాయడం మొదలుపెట్టేసరికి ఎమర్జెన్సీ పోయింది గానీ, అప్పటికే నాకు ఆ పాత గొడవ మీద ప్రేమ పుట్టేసింది.

గొడవ ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఆ దేశంలో రాజుగారి చర్చి ఒకటుండేది. దానిలో చేరని క్రైస్తవులు కొందరు విడిగా ప్రార్థన చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంది. కానీ సర్కారు కొలువు కావాలంటే మాత్రం రాజుగారి చర్చికి వెళ్ళి అక్కడి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. ఇదేం న్యాయమని కొందరు కరపత్రాలు వేశారు. మీ ప్రార్థన మిమ్మల్ని చేసుకోనిస్తున్నాం కదా, ఇంకేం కావాలని వేరేవాళ్ళు జవాబులు వేశారు. తరాల తరబడి సాగిందా వాదం.

నేను అద్దెకున్నది గోవిందరాజస్వామి గుడి వెనక వీధుల్లో ఒక మిద్దె మీది గది. కింద ఇంటివాళ్ళు మునిరత్నం శెట్టిగారు, ఆయన భార్య మంగమ్మ పెద్దమ్మ. శెట్టిగారికి ఇత్తడి సామాన్ల అంగడి. నాకు తిండి కూడా వాళ్ళింట్లోనే. నన్ను వాళ్ళిద్దరూ పాపా అని పిలిచేవాళ్ళు, అప్పటికి నాకు ముప్ఫై దగ్గరపడుతున్నా.

ఆ కాలపు ఇంగ్లీషు వాక్యం మహా పొడుగు. మొదలుపెట్టినవాడు ఎక్కడ ముగిస్తాడో వాడికే తెలియదు. గట్టిగా చదివితే తప్ప నాకు ఎక్కేది కాదు. మద్రాసు లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకొచ్చిన కాగితాలు పట్టుకుని ముందు ఇంగ్లీషులో గొంతెత్తి చదివేదాన్ని. తర్వాత అదే సంగతిని నాకు నేను తెలుగులో చెప్పుకునేదాన్ని. ఆ తెలుగు చెప్పుకోవడం కింద వంటింటి దాకా వినిపించేదట.

ఒక మధ్యాహ్నం మంగమ్మ పెద్దమ్మ చేటలో బియ్యం వేసుకుని మెట్లెక్కి వచ్చింది. గడప దగ్గర కూర్చుని రాళ్ళు ఏరుతూ, "నిన్న ఆ పాదిరిని కొలువులోకి రానీమన్నారు గదా, ఈ పొద్దైనా ఒప్పుకున్న్యారా?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. అప్పటినుంచీ రోజూ వచ్చేది. ఇంగ్లండు వాదులంతా ఆమెకు మా వీధి మనుషులైపోయారు. ఒకడు నచ్చేవాడు, ఒకడు గిట్టేవాడు కాదు.

మొదట్లో ఆమె రాజు పక్షం. "వాని దేశంలో వాని మాట ఇనాల గదా" అనేది. కానీ కొలువు కోసం చర్చిలో రొట్టె తినాలన్న సంగతి చెప్పినప్పుడు చేట పక్కన పెట్టేసింది. "సామి పెసాదం ఆకలేసినోడు తినాల, బక్తి ఉండేవోడు తినాల. ఉద్యోగం కోసరం తింటే ఇంగ అది పెసాదం యాడయితాది?" అంది. అదే మాట ఒక కరపత్రంలో కూడా ఉందని చెబితే, "చూసినావా, వానికి కూడా బుద్ది ఉండాది" అని ఆ రచయితను మెచ్చుకుంది. ఇంకొకడు తన మతానికి స్వేచ్ఛ కావాలంటూనే రోమన్ కేథలిక్కులకు మాత్రం ఇవ్వొద్దన్నాడని చదివితే, వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నా పరిశోధనకు గుండెకాయ లాంటి వాదం ఒకటుంది. అది ఆమెకు చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. నీ మతాన్ని నేను సహిస్తున్నాను అని ఒకడు ఇంకొకడితో అంటే, వద్దనే హక్కు కూడా తనకుందని అన్నట్టే కదా. ఈ రోజు దయతో తలుపు తీసినవాడు రేపు మూయగలడు. మాకు మీ దయ వద్దు, హక్కు కావాలి అని ఆ రచయితలు గొంతు చించుకున్నారు. నేను ఇంత చెప్పి ఆగాను. చేటలో పెద్దమ్మ చెయ్యి కదలడం మానేసింది.

"ఇది మా ఇంట్లో ఉండేదే పాపా" అంది.

అప్పుడు చెప్పింది సులోచన గురించి. వాళ్ళకు ఒక్కతే బిడ్డ. నర్సు ట్రైనింగుకని వేలూరు వైపు వెళ్ళి, అక్కడే తనంతట తాను బాప్తిస్మం తీసుకుంది. తర్వాత చిత్తూరులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. బంధువులందరూ ఆ పిల్ల చచ్చిందనుకుని తలకు నీళ్ళు పోసుకొమ్మని శెట్టిగారికి చెప్పారట. ఆయన ఒప్పుకోలేదు. "నా బిడ్డ ఎప్పుడన్నా రావచ్చు. వీధి తిన్నె మీద కూర్చోవచ్చు, అన్నం తినొచ్చు. గడప మాత్రం దాటగూడదు, లోపల సామి ఉండాడు" అన్నారు. ఆ రోజుల్లో ఆయనకు అదే గొప్ప ఉదారం. నిజానికి గొప్పే. బంధువులు ఆ మాత్రానికే ఆయన ఇంటికి రావడం తగ్గించారు.

సులోచన కొన్నాళ్ళు వచ్చింది. తిన్నె మీద కూర్చుని తల్లి పెట్టింది తిని, సాయంత్రం బస్సుకు వెళ్ళేది. ఒకరోజు చెయ్యి కడుక్కుని, "నాయనా, నువ్వు రానిస్తే వచ్చేదాన్నిగా నేను ఉండలేను" అని చెప్పి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఏళ్ళు గడిచాయి.

"మీరైనా వెళ్ళొచ్చు కదా పెద్దమ్మా?" అన్నాను.

"ఆయన పోవద్దనలే. పొమ్మనీ అనలే" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. అవి ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. నేను ఏళ్ళుగా కాగితాల మీద గీతలు గీసుకుంటున్న వాదం ఆ తిన్నె మీద కూర్చుని ఉందని అప్పటిదాకా తెలియదు.

కొన్ని రోజులకు ఆమె ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేసింది. "ఎప్పుడూ వాళ్ళే పోయి రాజును అడగాలనా? రాజు పోయి వాళ్ళని అడిగితే ఏమవుతాదంట?" అలా ఏ కరపత్రంలోనూ రాయలేదని, రాజు అడగడానికి వాళ్ళ దగ్గర ఏముందని నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

ఇక్కడ మా ప్రాంతపు ఆచారం ఒకటి చెప్పాలి. పెరటాసి అని మేం పిలిచే తమిళ నెలలో, అంటే సెప్టెంబరు అక్టోబరుల మధ్య, శనివారాలు మాకు ముఖ్యం, అందులోనూ మూడో శనివారం. ఆ రోజు వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. అంటే అన్నం వండి అరిటాకులో రాశిగా పోసి, పిండి దీపం పెట్టి కొలుస్తారు. ఆ తళిగ బియ్యంలో పిడికెడైనా బిచ్చమెత్తి తెచ్చింది ఉండాలి. ఎంత ఉన్నవాళ్ళైనా సరే, తలకు పోసుకుని, నామం పెట్టిన చెంబు పట్టుకుని నాలుగిళ్ళ ముందు నిలబడి గోవిందా అని పిలవాల్సిందే. ఇంట్లోవాళ్ళు వచ్చి పచ్చిబియ్యం పోస్తారు. శెట్టిగారింట్లో ఆ చెంబు పట్టుకునేది పెద్దమ్మే.

ఆ ఏడు పెరటాసి ఇంకా రాకముందే ఆమె నాకు రహస్యంగా చెప్పింది. "మూడో శనివారం చిత్తూరికి పోదాం పాపా. సులోచన వాకిట్లో నిలబడి గోవిందా అంటాను. బిచ్చానికి పొయ్యేదానికి ఎవురి సెలవు కావాల? అది పోస్తాదో పొయ్యదో దాని ఇష్టం." ఈ మాట శెట్టిగారికి తెలియదు. సులోచనకు అసలే తెలియదు. ఆమె ఇల్లెక్కడో నేను ఆసుపత్రిలో కనుక్కోవాలని, పొద్దున బస్సుకు వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలని మేమిద్దరమే అనుకున్నాం. ఆ ప్రయాణానికని నేను నగరి నుంచి మా నాయన నేసిన నూలు చీర తెచ్చి ఇచ్చాను. ముక్కుపొడి రంగు, సన్నటి పచ్చంచు. ఆమె దాన్ని చూసి చిన్నపిల్లలా మురిసిపోయి, ఎవరికీ చూపించకుండా ట్రంకు పెట్టెలో దాచుకుంది.

మొదటి శనివారం దాటిన కొద్దిరోజులకు పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి పడసాలలో మంచం వేశారు, వీధి తలుపు తెరిస్తే కనిపించేలా. సులోచనకు కబురు చేద్దామని నేనంటే శెట్టిగారు, "చిత్తూరు పొయ్యేవాళ్ళు ఎవురన్నా ఉంటే చెప్పి పంపిస్తాలే" అన్నారు. అలా ఎవరూ దొరకలేదో, ఆయన అడగలేదో నాకు తెలియదు. బిడ్డ నర్సయి ఉండి తల్లిని పరాయివాళ్ళు పక్కకు తిప్పుతుంటే నాకు ఉండబట్టేది కాదు. కానీ నేను అద్దెకున్నదాన్ని.

మూడో శనివారం వచ్చింది. శెట్టిగారు పొద్దున్నే చెంబును చింతపండుతో తోమి, ఆరబెట్టి, నామం పెట్టారు. సాయంత్రం అంగడి కట్టి వచ్చి తానే రెండు మూడు ఇళ్ళకు వెళ్తానన్నారు. చెంబును పెద్దమ్మ తలదిక్కున ముక్కాలి పీట మీద పెట్టారు. అందులో తులసి దళం వేసింది నేను. మూతగా చిన్న పళ్ళెం పెట్టింది కూడా నేనే. అప్పుడు చెంబులో తులసి తప్ప ఇంకేమీ లేదు. దీని మీద నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

భోజనాలయ్యాక ఆయన అంగడికి వెళ్ళారు. వీధి తలుపు గడియ పెట్టి, పెరటి తలుపు కూడా మూసి, నేను మంచం పక్కన కూర్చున్నాను. ఇంట్లో మేమిద్దరమే. నేను చదువుతుంటే ఆమె ముఖం తేటపడేది, అందుకని నా కాగితాలు తెచ్చుకున్నాను. ఆ రోజు చదివింది కూడా ఆ దయ, హక్కుల వాదమే. తెలుగులో చెబుతుండగా ఆమె కళ్ళు మూసుకుంది.

నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి ఊపిరి వేగంగా రావడం మొదలైంది, ఎండలో నడిచే మనిషికి వచ్చినట్టు. నుదుట చెమటలు పట్టాయి. జ్వరమేమోనని చెయ్యి పట్టి చూస్తే లేదు. అరికాళ్ళు మాత్రం కాలిపోతున్నాయి. చల్లబడే కాళ్ళను రుద్దడమే అన్ని రోజులూ నా పని, అందుకని ఆశ్చర్యం వేసింది. తడిగుడ్డతో తుడిచాను. పెదవులు కొద్దిగా కదిలాయి గానీ శబ్దం రాలేదు. తర్వాత మామూలైంది. ఎడమ చెయ్యి చాపి పీట మీది చెంబు మీద వేసుకుని ప్రశాంతంగా పడుకుంది. ఆ మధ్యాహ్నమంతా నేను అక్కడినుంచి లేవలేదు, కునుకు తీయలేదు.

శెట్టిగారు వచ్చి స్నానం చేసి చెంబు అందుకోబోయారు. ఎత్తబోతే బరువుగా ఉంది. పళ్ళెం తీసి చూసి, "ఎవురొచ్చినారు పాపా?" అన్నారు.

ఎవరూ రాలేదన్నాను. ఆయన చెంబు నా వైపు వంచారు. అందులో బియ్యం ఉన్నాయి. అదీ తెల్లటి పచ్చిబియ్యం కాదు, లావుగా, చామనఛాయగా ఉండే ఉప్పుడు బియ్యం. వడ్లను ఒకసారి ఉడకబెట్టి దంచినవి కాబట్టి వాటిని మావైపు దేవుడి నైవేద్యానికి వాడరు. మా వీధిలో చిన్నపిల్లకు కూడా ఆ సంగతి తెలుసు. గోవిందా చెంబులో ఉప్పుడు బియ్యం పోసే మనిషి తిరుపతి మొత్తంలో ఉండదు.

"సామి చెంబులో ఇవి ఎవురు పోసినారు? నీ గదిలో ఉండాయా?" అని గద్దించారు.

"నాకు వంటే లేదు కదా పెద్దనాయనా, మీ ఇంట్లోనే తింటున్నాను" అన్నాను. చెయ్యి పెట్టి అడుగు దాకా చూశాను. బియ్యం కింద నేను వేసిన తులసి దళం అలాగే ఉంది.

పెరట్లో కుమ్మరించడానికి ఆయన చెంబును తీసుకెళ్ళబోయారు. పెద్దమ్మ ఎడమ చెయ్యి చెంబు అంచును పట్టుకుని వదల్లేదు. ఆయన నెమ్మదిగా లాగి చూశారు. ఆమె ఆయన ముఖంలోకే చూస్తోంది. అంత పట్టు ఆ చేతికి ఎక్కడిదో తెలియదు. చివరికి ఆయనే వదిలేసి, ఆ పూట తళిగ వేయకుండా దీపం మాత్రం పెట్టి తలుపు పక్కన కూర్చుండిపోయారు. ఆ ఇంట్లో మూడో శనివారం తళిగ తప్పడం అదే మొదలట.

మరునాడు ఆదివారం. పొద్దున బస్సుకు సులోచన వచ్చింది. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. తల్లి పోలికే. అలవాటు ప్రకారం తిన్నె దగ్గర ఆగి, తలుపు తీసిన నన్ను, "అమ్మ నిన్న బద్రంగా ఇల్లు చేరిందా?" అని అడిగింది.

నేను ఏమీ అనకముందే తెరిచిన తలుపులోంచి ఆమెకు మంచం కనిపించింది. అక్కడే గోడ పట్టుకుని కూలబడింది. తల్లికి జబ్బు చేసిన సంగతి ఆమెకు తెలియదు. శెట్టిగారు లోపలినుంచి వచ్చి గడపకు ఇటుపక్క నిలబడ్డారు. ఆమె చెప్పింది ఆయనా నేనూ ఇద్దరం విన్నాం.

నిన్న మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి అన్నం తిని నడుం వాల్చిందట. వాకిట్లో గోవిందా అని వినిపిస్తే అమ్మ గొంతులా ఉందనుకుంటూ తలుపు తీసిందట. "అమ్మే. తల తడిగా ఉండాది, కొంగు మీదికి నీళ్ళు కారతా ఉండాయి. సెంబు పట్టుకుని నిలబడింది. లోపలికి రామ్మా అంటే రాలే. సెంబు ముందుకు పెట్టింది. ఇంట్లో పచ్చిబియ్యం లేవు నాయనా. ఆసుపత్రి తిండి అలవాటై నేను తినేది ఉప్పుడు బియ్యమే. ఇవి పనికొస్తాయామ్మా అని అడిగితే తలాడించింది. దోసిలితో పోసినా. ఎండన పడి వచ్చిందే, నీళ్ళు తెద్దామని లోపలికి పొయ్యి వచ్చేసరికి లేదు. వీధి చివర దాకా పరిగెత్తినా."

సాక్ష్యం అడిగే బుద్ధి కదా నాది, "ఏం చీర కట్టుకుంది?" అని అడిగాను.

"ఎప్పుడూ చూడని చీర. ముక్కుపొడి రంగు. సన్నగా పచ్చంచు" అంది.

నేను లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచాను. చీర అడుగునే ఉంది. మా నాయన మడిచిన మడత మీదే ఉంది. విప్పి చూడలేదు, విప్పాల్సిన పని లేకపోయింది. దాన్ని తెచ్చి సులోచన చేతిలో పెడితే ఆమె అంచు పట్టుకుని చూసి, ముఖానికి ఆనించుకుని ఏడ్చింది.

శెట్టిగారు ఎంతసేపు నిలబడ్డారో. తర్వాత మంచం దగ్గరికి వెళ్ళి చెంబు అందుకున్నారు. ఈసారి పెద్దమ్మ వదిలేసింది. ఆయన గడప దాటి, తిన్నె దాటి, మెట్లు దిగి వీధిలో నిలబడ్డారు. తన ఇంటి వైపే తిరిగారు. చెంబు రెండు చేతులా పట్టుకుని, "గోవిందా! గోవింద!" అని పిలిచారు.

ఆదివారం పొద్దున, సొంత వాకిట్లో బిచ్చమెత్తుతున్న శెట్టిగారిని చూసి ఎదురింటివాళ్ళు పని ఆపి నిలబడిపోయారు.

పిలుపు విన్నాక ఎవరైనా బియ్యం పొయ్యాలి. నేను అలవాటుగా వంటింటి వైపు కదిలాను. పెద్దమ్మ చెయ్యి నా కొంగు పట్టుకుంది. అప్పుడర్థమైంది నాకు. ఆయన సులోచనను రమ్మనలేదు, రానిస్తానని అనలేదు. అడుగుతున్నారు. ఇంటిముందు నిలబడి అడిగేవాడు లోపలివాళ్ళకు ఏ సెలవూ ఇవ్వలేడు. పొయ్యడమా మానడమా అన్నది ఇక ఆ బిడ్డ ఇష్టం.

సులోచన లేచింది. చెప్పులు విడిచి గడప దాటింది. తల్లి మంచం పక్కగా వెళ్తూ ఆమె చెంప ఒకసారి తాకి, సరాసరి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం గూన ఎక్కడుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. దోసిలి నిండా పచ్చిబియ్యం తెచ్చి, మెట్ల మీద నిలబడి తండ్రి చెంబులో పోసింది. ఆయన తల వంచి పట్టుకున్నారు. ఆయన కళ్ళనుంచి నీళ్ళు చెంబు మీది నామం మీద పడ్డాయి. నేను కూడా ఏడ్చాను, దాచుకోలేదు.

ఆ రోజే తళిగ వేశారు. ఉప్పుడు బియ్యం ఏరి పారేయలేదు, కలిపే వండారు. రెండూ ఒకలాగా ఉడకవు కదా, సగం మెత్తగా, సగం పలుకుగా వచ్చింది అన్నం. హారతిచ్చేటప్పుడు సులోచన తల్లి పక్కన మంచం మీద కూర్చుంది. దండం పెట్టలేదు. పెట్టమని ఎవరూ అనలేదు. తర్వాత తల్లికి మెత్తటి మెతుకులు ఏరి తినిపించింది. తను ఆ ప్రసాదం తిన్నదా లేదా అన్నది ఆమె సొంత విషయం. నేను అటు చూడలేదు, చూసి ఉన్నా రాసేదాన్ని కాదు.

సులోచన సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉండిపోయింది. ఆమె చేతి చలవ వల్ల చలికాలం వచ్చేసరికి పెద్దమ్మకు ఒకటీ అరా మాటలు తిరిగొచ్చాయి. వేసవి దాటలేదు గానీ, ఆ కొన్ని నెలలూ ఆమె ముఖంలో నేను అంతకుముందు చూడని నిండుతనం ఉండేది. ఆ తర్వాత ప్రతి ఏడూ పెరటాసి మూడో శనివారం శెట్టిగారు చెంబు పట్టుకుని చిత్తూరు బస్సెక్కేవారు. సులోచన ఆయన కోసం పచ్చిబియ్యం తెచ్చి పెడితే, అవి వద్దని ఉప్పుడు బియ్యమే పోయించుకునేవారట.

నా పరిశోధన ముగిసింది, పట్టా వచ్చింది. రాజు వెళ్ళి అడిగితే ఏమవుతుందన్న ప్రశ్నను అందులో ఎక్కడా పెట్టలేకపోయాను. అది వేసినవాళ్ళెవరో, ఆధారమేమిటో చూపించాలి కదా.

మూసిన తలుపుల ఇంట్లోకి ఆ బియ్యం ఎలా వచ్చాయి, విప్పని చీరను చిత్తూరులో ఎలా చూశారు అని నన్ను అడిగితే తెలియదనే చెబుతాను. సులోచన, నేను కలిసి అన్ని రకాలుగా ఆలోచించి చూశాం. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. ఆ రోజు వచ్చింది దయ్యం కూడా కాదు, బతికున్న తల్లి.

పెద్దమ్మకు మాట తిరిగొచ్చిన కొత్తల్లో ఒకసారి ధైర్యం చేసి అడిగాను. సులోచన ఆమె తల దువ్వుతోంది. "ఆ శనివారం మధ్యాహ్నం నువ్వు యాడికి పోయినావు పెద్దమ్మా?" అన్నాను.

ఆమె బిడ్డ వైపు చూసింది. కదిలే సగం ముఖంతోనే నవ్వింది. పలకడానికి చాలాసేపు కష్టపడి ఒక్క మాట అంది.

"అడిగొచ్చినా."